సీజింగ్ బొలెరో, దొంగ వేలం: కాశీబుగ్గ కేసులో డబ్బు వెళ్లిన దారి

కొనుగోలుదారు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు వ్యాపారి. మందస, వజ్రపుకొత్తూరు పల్లెల నుంచి జీడి పిక్కలు తెచ్చుకోవడానికి సొంత పికప్ కావాలనుకున్నాడు. బస్తా 80 కిలోలు. పదిహేను బస్తాలు వేస్తేనే 1,200 కిలోలు. సీజన్‌లో కిరాయి బండ్లు అడిగిందే ధర. కొత్త బండికి చెయ్యి చాలక సీజింగ్ బండి, అంటే వాయిదాలు కట్టలేదని బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో స్వాధీనం చేసుకున్న బండి, కోసం ఫోన్‌లో వెతికాడు. చివరికి బండి రాలేదు, రూ.1,22,980 పోయాయి. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాం. డబ్బు ఏ వరసలో పోయిందో మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాం, ఎందుకంటే దొంగ వేలాల్లో చూసే ఎత్తులన్నీ ఈ ఒక్క కేసులోనే దొరుకుతాయి.

జరిగింది ఇదీ

ఫేస్‌బుక్‌లో ప్రకటన: "బ్యాంకు సీజ్ చేసిన బండ్లు, శ్రీకాకుళం–విజయనగరం జిల్లాల వారికి ఆన్‌లైన్ వేలం." కింద యార్డులో వరసగా నిలబెట్టిన పికప్‌ల ఫోటో. 2021 మోడల్ బొలెరో పికప్, కనీస ధర రూ.2,40,000. అలాంటి బండి బయట ఆరు లక్షల దాకా పలుకుతుంది. నొక్కితే ఒక పెద్ద బ్యాంకు పేరుకు "ఈఆక్షన్" అని తగిలించిన వెబ్‌సైట్ తెరుచుకుంది. అందులో ఆధార్, పాన్ ఫోటోలు ఎక్కించమన్నారు. కాసేపటికి వాట్సాప్‌లో ఒకతను లైన్లోకి వచ్చాడు. తెలుగు శుభ్రంగా మాట్లాడాడు.

"బండి చూడకుండా డబ్బులెలా వేస్తాం సార్?" అని ఈయన అడిగాడు.

"యార్డు విశాఖలో సార్. పాట గెలిచినోళ్లకే గేట్ పాస్. బ్యాంకు రూలు. సాయంత్రం అయిదు లోపు ధరావతు కట్టకపోతే ఐడీ బ్లాక్ అయిపోద్ది" అని జవాబు.

కనీస ధరలో పది శాతం ధరావతు (పాటలో పాల్గొనడానికి ముందే కట్టే సొమ్ము), అంటే రూ.24,000, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టాడు. మర్నాడు పాట. రూ.2,86,000కు ఈయనే గెలిచాడు. వెంటనే "25 శాతం పూర్తి చెయ్యండి" అన్నారు: రూ.71,500లో ధరావతు పోగా రూ.47,500, నెఫ్ట్ (ఖాతా నుంచి ఖాతాకు బ్యాంకు బదిలీ) ద్వారా. ఆ మర్నాడు "18 శాతం జీఎస్టీ ముందే కట్టాలి, ఇన్వాయిస్ తయారైంది" అంటూ రూ.51,480. అదీ కట్టాక "యార్డు రిలీజ్, ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ రూ.9,800, ఇది రిఫండబుల్" అన్నారు. రిఫండబుల్ అనగానే ఆయన బావమరిదికి అనుమానం వచ్చింది, ఇద్దరూ కలిసి బ్యాంకు శాఖకు వెళ్లారు. మేనేజరు ఆ లాట్ నంబరు (వేలంలో బండికి ఇచ్చే నంబరు) చూసి, తమ దగ్గర అలాంటి వేలమే లేదని చెప్పాడు.

కాశీబుగ్గ నుంచి ఆ శాఖకు ఆటోలో వెళ్లొచ్చేంత దూరం. మొదటి రూపాయి కట్టకముందే ఆ పని చేసుంటే కేసే లేదు.

ముందుగా చూడాల్సింది ఖాతా

సైటు నిజమా కాదా అని చాలామంది లోగో, ఫోటోలు, అడ్రస్ పక్కన తాళం గుర్తు చూసి తేలుస్తారు. తాళం గుర్తు ఉంటే మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య నడిచే సమాచారం మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. సైటు నడిపేది ఎవరో అది చెప్పదు. లోగో, నోటీసు, ఇన్వాయిస్, అధికారి సంతకం అన్నీ పూటలో నకలు చేసేయొచ్చు. దొంగకు దొరకనిది ఒక్కటే: అమ్మే సంస్థ పేరు మీదే ఉన్న బ్యాంకు ఖాతా. అందుకే మేం ఏ వేలం కాగితం వచ్చినా ముందు ఖాతా వివరాలున్న పేజీ తెరుస్తాం, ఫోటోలు చివర్న చూస్తాం.

క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు పిన్ కొట్టే ముందు తెర మీద ఒక వ్యక్తి పేరు కనిపించింది. బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరునే చూపించాలని, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ యాప్‌లకు 2025 జూన్ 30 గడువు పెట్టింది. క్యూఆర్ మీద అచ్చు వేసుకున్న పేరుకు విలువ లేదు, పిన్ ముందు వచ్చే పేరే చూడాలి. ఈయన చూశాడు, అడిగాడు కూడా. "రికవరీ ఏజెన్సీ ఓనర్ పేరు సార్" అన్నారు. బ్యాంకు తన వేలం ధరావతును ఏజెన్సీ ఓనర్ సొంత ఖాతాలో వేయించదు. ఆ జవాబుకు రెండో అర్థం లేదు.

నెఫ్ట్‌లో ఇంకా తేలిక. బ్యాంకు శాఖను గుర్తించే కోడ్ ఐఎఫ్‌ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి: మొదటి నాలుగు బ్యాంకు, అయిదోది సున్నా, చివరి ఆరు శాఖ. ఇక్కడ బండి అమ్ముతున్నది ఒక బ్యాంకు, కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు ఇంకో బ్యాంకువి, శాఖ ఉత్తరాదిలో. తానే నేరుగా వసూలు చేసే వేలం డబ్బును బ్యాంకు పక్క బ్యాంకు ఖాతాలో వేయించదు. పైగా నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు డబ్బు పంపే ముందే ఖాతాదారు పేరు సరిచూసే సదుపాయం పెట్టాలని ఆర్బీఐ బ్యాంకులకు 2025 ఏప్రిల్ 1 గడువు ఇచ్చింది. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త లబ్ధిదారును చేర్చేటప్పుడు ఆ పేరు చూసుకుంటే చాలు. కొందరు తొందరలో దాటేస్తారు. ఆ ఒక్క బటన్ దగ్గరే రూ.47,500 ఆగేది.

ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలాలకు బ్యాంక్‌నెట్ పోర్టల్ ఉంది, ధరావతు అందులోని వాలెట్‌కు వెళ్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ కూడా తన పోర్టల్‌లో వేలాలు నడుపుతుంది. ప్రైవేటు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వేలం సంస్థలకు అప్పగిస్తాయి. అప్పుడు ఆ సంస్థకు కట్టాలా, బ్యాంకుకు కట్టాలా అన్నది నోటీసులోనే రాసి ఉంటుంది, వాట్సాప్‌లో రాదు.

జీఎస్టీ ఇన్వాయిస్‌లో ఆరో అక్షరం

మూడో చెల్లింపుకు వచ్చిన ఇన్వాయిస్ చూస్తే ఎవరైనా నమ్ముతారు. బ్యాంకు పేరు, ముద్ర, లెక్క అన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పు నంబరులో ఉంది. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది అక్షరాలు ఆ సంస్థ పాన్. పాన్‌లో నాలుగో అక్షరం యజమాని ఎలాంటివాడో చెబుతుంది: 'పి' అయితే వ్యక్తి, 'సి' అయితే కంపెనీ. అంటే జీఎస్టీ నంబరులో ఆరో అక్షరం చూస్తే చాలు. ఇన్వాయిస్ మీద పేరు బ్యాంకుది, ఆరో అక్షరం మాత్రం 'పి'. రాష్ట్రం కోడ్ కూడా 37 కాదు. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు వెతికితే ఎవరో చిన్న వ్యాపారి పేరు వచ్చింది. పాపం, ఆయన నంబరు ఎక్కడో బిల్లు మీద నుంచి ఎత్తేసి ఉంటారు.

వేలంలో పన్ను ఉంటే అది నోటీసులోనే "ధరపై అదనం" అని ఉంటుంది, మిగతా మొత్తం కట్టే ఖాతాలోకే వెళ్తుంది. విడిగా, ముందుగా, ఇంకో యూపీఐకి జీఎస్టీ కట్టమంటే అది పన్ను కాదు.

చట్టం మాటలు అరువు తెచ్చుకున్న నోటీసు

25 శాతం లెక్క దొంగ సొంతంగా పుట్టించింది కాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం (బాకీ పడ్డ అప్పుకు తాకట్టు ఆస్తిని బ్యాంకులు స్వాధీనం చేసుకుని అమ్ముకునే చట్టం) నిబంధనల్లోంచి ఎత్తాడు. స్థిరాస్తి వేలంలో గెలిచినవారు ధరావతుతో కలిపి 25 శాతం ఆ రోజే, లేదంటే తర్వాతి పనిదినం లోపు కట్టాలి. మిగతా 75 శాతం అమ్మకం ఖరారైన 15 రోజుల్లో, లేదా రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువులో, మొత్తం మీద మూడు నెలలు దాటకుండా. ఇళ్లకూ స్థలాలకూ ఉన్న ఆ లెక్కను పికప్‌కు తగిలించాడు. పత్రికల్లో బ్యాంకు నోటీసులు చదివే అలవాటున్నవారికి ఇది మరింత నమ్మకంగా కనిపిస్తుంది, అదే ప్రమాదం.

అదే నోటీసులో బండి స్వాధీనం 3వ తేదీ, వేలం 7వ తేదీ అని ఉంది. సర్ఫేసీ కింద అమ్ముతున్నామన్నప్పుడు, పాడైపోయే సరుకు కాకపోతే, చరాస్తికైనా అప్పుదారుకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. నాలుగు రోజుల్లో ఆ చట్టం కింద బండి అమ్మడం కుదరదు. ఫైనాన్స్ కంపెనీలు అప్పు ఒప్పందం ప్రకారం ఇంకా త్వరగా అమ్ముకోవచ్చు గానీ, అప్పుడు కాగితం మీద సర్ఫేసీ పేరు ఎందుకు? పేరు ఒకటి, పద్ధతి ఇంకొకటి అయితే ఆ నోటీసు రాసినవాడికి ఆ పని తెలియదని అర్థం.

నంబరు ప్లేటు చెప్పింది

ఫోటోలో ప్లేటు ఏపీ 30తో మొదలైంది. ఏపీ 30 శ్రీకాకుళం పాత సిరీస్, ఏపీ 35 విజయనగరం. అందుకే ఈయనకు "మన జిల్లా బండే" అన్న భరోసా కలిగింది. కానీ 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్, ఏపీ 39, వచ్చింది. 2021లో శ్రీకాకుళంలో కొత్తగా రిజిస్టరైన బండి ఏపీ 30 ప్లేటుతో తిరగదు. బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఆ నంబరు కొడితే నిజంగానే ఒక పికప్ వచ్చింది, కానీ ఎప్పుడో 2019కి ముందు రిజిస్టరైంది. ఫైనాన్స్ చేసింది కూడా నోటీసులోని బ్యాంకు కాదు. ఎవరి అమ్మకపు ప్రకటనలోంచో ఫోటో తీసుకున్నారు.

ఎంపరివాహన్‌లో మోడల్ సంవత్సరం, ఫైనాన్స్ పేరు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు, ఇన్సూరెన్స్ గడువు చూడాలి. ఫైనాన్స్ పేరు అమ్మేవాడి పేరుతో కలవకపోతే అక్కడే ఆపెయ్యాలి. చాసిస్ నంబరు ఇస్తే అక్షరాలు లెక్కపెట్టండి: 17 ఉండాలి. అందులో ఇంగ్లీషు అక్షరాలు ఐ, ఓ, క్యూ ఎప్పుడూ ఉండవు, అంకెలతో కలిసిపోతాయని వాటిని వాడరు. ఈ కేసులో ఇచ్చిన నంబరులో 'ఓ' ఉంది.

పాటలో పోటీదారులు

లైవ్ పాట తెరను ఆయన స్క్రీన్ రికార్డు చేసి ఉంచడం మంచిదైంది. ఈయన ఎప్పుడు పాడినా మూడు నాలుగు సెకన్లలో ఎవరో "బిడ్డర్" సరిగ్గా రూ.2,000 పెంచాడు. మనుషులు అంత లయగా పాడరు. ఒకడు ఆలోచిస్తాడు, ఒకడు ఒకేసారి పది వేలు పెంచుతాడు, ఇంకొకడు చివర్న మేలుకుంటాడు. టైమర్ సున్నా కాగానే పాట ముగిసింది. బ్యాంకు ఈ-వేలాల్లో మామూలుగా చివరి అయిదు నిమిషాల్లో పాట పడితే గడువు మరో అయిదు నిమిషాలు జరుగుతుంది. ఆ పొడిగింపు లేకపోవడం ఒక్కటే దొంగతనానికి రుజువు కాదు, నియమాలు వేలాన్ని బట్టి మారతాయి. పైవాటితో కలిపితే మాత్రం బలమైన గుర్తే.

డొమైన్, అంటే సైటు చిరునామా, ఎప్పుడు నమోదైందో హూయిజ్ అనే వెతుకులో ఉచితంగా చూడొచ్చు. ఈ దొంగ సైటుది మూడు వారాల పాతది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ కిందికి మార్చుకోవడానికి ఆర్బీఐ 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. కాబట్టి బ్యాంకు పేరు పెట్టుకుని మామూలు డాట్ ఇన్‌లోనో డాట్ ఆన్‌లైన్‌లోనో నడిచే "వేలం సైటు" అంటే మొదటి చూపులోనే అనుమానించాలి. వేలం సంస్థల పోర్టళ్ల చిరునామాలు వేరుగా ఉంటాయి, కాబట్టి బ్యాంకు సొంత సైటులో ఉన్న లింకు నుంచే వాటిలోకి వెళ్లండి.

ఫిర్యాదు, తిరిగొచ్చింది

శాఖ నుంచి బయటికి రాగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేశారు. మూడో చెల్లింపు జరిగి అప్పటికి గంటన్నర. ఈ నంబరుకు కథ చెబితే సరిపోదు, ఒక్కో చెల్లింపుకూ రిఫరెన్స్ నంబరు కావాలి: యూపీఐకి 12 అంకెలది, నెఫ్ట్‌కు 16 అక్షరాల యూటీఆర్. వాటితో పాటు తేదీ, సమయం, మొత్తం, డబ్బు వెళ్లిన ఖాతా. ఈయన ముందే కాగితం మీద రాసుకుని ఫోన్ చేశాడు కాబట్టి ఒక్క కాల్‌లో నమోదైంది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో వాట్సాప్ చాట్, ఇన్వాయిస్, స్క్రీన్ రికార్డింగ్ ఎక్కించారు. ఫిర్యాదు పూర్తయ్యేదాకా చాట్ తీసెయ్యకూడదు, అవతలివాణ్ణి బ్లాక్ కూడా చెయ్యకూడదు. వాడు "అందరికీ డిలీట్" కొట్టేలోపు ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

మూడో చెల్లింపులో రూ.38,000 దొంగ ఖాతాలోనే హోల్డ్ అయ్యాయి. మొదటి రెండింటి డబ్బు అప్పటికే ఖాతాలు మారి ఏటీఎంలో తీసేశారు. గంటలు గడిచేకొద్దీ ఎంత మిగులుతుందో ఈ ఒక్క కేసే చెబుతుంది. హోల్డ్ అయిన డబ్బు దానంతటదే రాదు. ఎఫ్ఐఆర్ నంబరుతో మేజిస్ట్రేటు కోర్టులో కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 503 కింద, పాత సీఆర్‌పీసీలో అది 457, దరఖాస్తు పెడితే ఆ ఉత్తర్వు మీద బ్యాంకు విడుదల చేస్తుంది.

సొంత బ్యాంకు నష్టం భరించాలని ఈయన వాదించాడు. 2017 జూలై నాటి ఆర్బీఐ సర్క్యులర్ ఖాతాదారుకు తెలియకుండా జరిగిన లావాదేవీలకు. పిన్ తానే కొట్టి పంపిన డబ్బుకు అది వర్తించదు. ఆ వాదన మీద రోజులు పోగొట్టుకోవద్దు.

ఇంకో ప్రమాదం ఆలస్యంగా వస్తుంది. ఫిర్యాదు పెట్టిన వారంలోనే "మీ డబ్బు రికవరీ చేస్తాం, పది శాతం ముందు కట్టండి" అని ఫోన్ వచ్చింది. మోసపోయినవారి జాబితాలు చేతులు మారతాయి. ఆధార్, పాన్ కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించాం. టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూశాం. మన అప్పుల చరిత్ర నమోదు చేసే ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, అందులో ఈయన తీసుకోని అప్పులేమైనా కనిపిస్తాయేమో కొన్ని నెలల పాటు చూస్తూ ఉండాలి.

అసలు వేలంలో బండి కొన్న తీరు

అదే వ్యాపారి తర్వాత ఒక ఫైనాన్స్ కంపెనీ వేలంలో పికప్ కొన్నాడు. ముందు శాఖకు వెళ్లి లాట్ నంబరు, బాధ్యత చూసే అధికారి పేరు రాయించుకున్నాడు. యార్డు చూసే రోజున మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాడు. చాసిస్ ఫ్రేము మీద గుచ్చిన నంబరును పెన్సిల్ రుద్ది కాగితం మీదకు దించి, సీ బుక్కులోని నంబరుతో అక్షరం అక్షరం పోల్చారు. తాళం, బ్యాటరీ, స్టెప్నీ ఉన్నాయో లేదో ఫోటోలు తీశారు. "ఎక్కడ ఎలా ఉంటే అలా" అన్న షరతు మీద అమ్ముతారు కాబట్టి తర్వాత బ్యాటరీ మాయమైందంటే వినేవాడుండడు.

పాట పైపరిమితి ఇంట్లోనే వేసుకున్నాడు. బయటి ధరలోంచి మరమ్మతు, బకాయి పడ్డ క్వార్టర్లీ టాక్సు, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, పెండింగ్ చలాన్లు, యార్డు అద్దె తీసేస్తే వచ్చిందే పరిమితి. ఎఫ్‌సీ, అదే బ్రేకు, బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా. బండి మొత్తం బరువు 3,000 కిలోలు దాటితే పర్మిట్ కూడా లెక్కలోకి వస్తుంది. ఇచ్ఛాపురం అవతలి నుంచి వచ్చిన ఒడిశా ప్లేటు బండి చవగ్గా కనిపించినా వదిలేశాడు. దానికి ఫారం 28 ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), మళ్లీ ఇక్కడి పన్ను.

కాగితాల దగ్గర ఒక తేడా తెలిసి ఉండాలి. దొంగ సైటు "ఫారం 32 మీద మీ పేరుకు మారుస్తాం" అని రాసింది. ఫారం 32 ప్రభుత్వం, లేదా ప్రభుత్వం తరఫున జరిగే వేలాల్లో కొన్న బండ్లకు. ఫైనాన్స్ సీజ్ చేసిన బండికి దారి వేరు: కంపెనీ ఫారం 36తో ముందు తన పేరు మీద సీ బుక్కు తెచ్చుకోవాలి, అక్కణ్ణుంచి 29, 30 ఫారాలతో కొన్నవాడి పేరుకు. పాత యజమాని ఎప్పుడో సంతకం పెట్టిన ఖాళీ ఫారాలతో పని కానిస్తామంటే, ఆ యజమాని అభ్యంతరం చెప్పిన రోజున బదిలీ ఆగిపోతుంది. అందుకే ఈయన పాటకు ముందే ఫారం 36 పని ఎంతవరకు వచ్చిందో అడిగి, సీ బుక్కు కంపెనీ పేరు మీదకు వచ్చిన లాట్‌కే పాడాడు. డెలివరీ నోటు, అమ్మకం లేఖ, రసీదు మూడూ చేతికొచ్చిన 30 రోజుల్లోపే పేరు మార్పు దరఖాస్తు పెట్టాడు.